సియాహీ తాగని పార్కర్ పెన్ను

చిత్తూరు నుంచి కాణిపాకం పది పన్నెండు కిలోమీటర్లే. మార్చి నెలలో ఆ బస్సెక్కితే పరీక్షల పిల్లలే ఎక్కువ కనబడతారు. చేతిలో హాల్ టికెట్టు, జేబులో కొత్త పెన్ను. వరసిద్ధి వినాయకుడి దగ్గర పెట్టించుకొని, ఆ పెన్నుతోనే పరీక్ష రాస్తారు. పదో తరగతిలో నేను కూడా మా గల్లీ దోస్తులతో పోయాను. దోస్తు వాళ్లమ్మ తన కొడుకు పెన్నుతో పాటు నా పెన్ను కూడా లాక్కొని పూజారి చేతికిచ్చింది. ఇంటికొచ్చాక అమ్మీ అదే పెన్ను తీసుకొని, బిస్మిల్లా అని ఊది మళ్లీ నా జేబులో పెట్టింది. ఇద్దరు తల్లుల దువా మీద ఆ ఏడాది లెక్కల పరీక్ష కూడా గట్టెక్కింది.

ఇందులో వింతేమీ లేదు. మహాభారతం వ్యాసుడు చెప్తుంటే దంతం విరిచి రాసినవాడు వినాయకుడని మా హిందూ దోస్తులు చెప్తారు. మా వైపు చూస్తే ఖురాన్‌లో ఒక సూరాకు పేరే అల్-ఖలం. మనిషికి ఖలం ద్వారా ఇల్మ్ నేర్పాడన్న మాట మొట్టమొదట దిగిన వాక్యాల్లోనే ఉంది. ఖలానికి ఇజ్జత్ ఇవ్వడం రెండిళ్లలోనూ ఉన్నదే.

ఆ పెన్నుతోనే మొదలైందేమో, నాకు పెన్నుల శౌఖ్ పట్టుకుంది. లక్షలు పెట్టి కొనే తాఖత్ లేదు గానీ, ముప్పై ఏళ్లుగా ఒక్కోటీ పోగేసుకుంటూ వచ్చాను. ఒక రేకు డబ్బాలో మఖ్మల్ గుడ్డ పరిచి దాచుకున్నాను. వాటిలో రెండు మాత్రం నేను కొన్నవి కావు, మా దాదావి. ఒకటి నల్ల ఎబొనైట్ పెన్ను. ఒళ్లంతా గీతలే, పాళీ ఒక పక్కకు అరిగిపోయింది. రెండోది పార్కర్ 51. బంగారు పాళీ. దానిలో ఈనాటి వరకూ ఒక్క చుక్క సియాహీ పడలేదు.

పెన్నులు పోగేసే దోస్తులు వస్తే ఆ పార్కర్‌ను చూసి కళ్లు పెద్దవి చేస్తారు. ఈ బజారులో వాడని పెన్నుకే ధర ఎక్కువ. "ఇంత మంచి పెన్ను పెట్టుకొని మీ దాదా ఎందుకు రాయలేదు భాయ్?" అని అడుగుతారు. ఆ సవాలుకు జవాబు కాణిపాకంలో ఉంది. అక్కడికి చేరాలంటే ముందు ఖలం తవారీఖ్ కొంచెం తిరగెయ్యాలి.

చేతులు పోయిన ఇద్దరు

కాణిపాకం పక్కన పారే ఏరు పేరు బాహుద. ఆ పేరు ఎందుకొచ్చిందో మా ఊళ్లల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. తమ్ముడు లిఖితుడు ఆకలికి తాళలేక ఇజాజత్ లేకుండా తోటలో పండు కోసుకు తిన్నాడు. అన్న చెప్పాడు, తప్పు చేశావు, రాజు దగ్గరికి పోయి ఒప్పుకో అని. లిఖితుడు పోయి ఒప్పుకున్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. తర్వాత ఆ ఏట్లో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుద. ఈ అన్నదమ్ముల కథ మహాభారతం శాంతిపర్వంలోనూ ఉంది.

లిఖితం అంటే రాసినది. రాత పేరు పెట్టుకున్నవాడు తప్పు చేయడం, దాచకుండా ఒప్పుకోవడం, చేతులు పోగొట్టుకోవడం, మళ్లీ పొందడం. చిన్నప్పుడు ఇది దేవుడి మహిమ కథగానే విన్నాను. పెన్నుల పిచ్చి పట్టాక వింటే ఇది రాసేవాడి కథగా వినబడింది.

ఎందుకంటే మా ఇస్లామీ తవారీఖ్‌లోనూ చెయ్యి పోగొట్టుకున్న రాతగాడు ఒకడున్నాడు. పేరు ఇబ్న్ ముఖ్లా. బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల దగ్గర మూడుసార్లు వజీర్‌గా చేశాడు. అరబ్బీ అక్షరాలకు కొలతలు పెట్టిన ఉస్తాద్‌గా ఖుష్‌ఖత్ నేర్చుకునే ప్రతివాడూ ఆయన పేరు తలుచుకుంటాడు. ఖలం మొనతో పెట్టిన ఒక్క నుఖ్తానే కొలబద్దగా తీసుకొని, అలిఫ్ ఇన్ని నుఖ్తాల పొడవు, బే ఇన్ని నుఖ్తాల వెడల్పు అని లెక్క కట్టాడు. దర్బారు రాజకీయాల్లో దుష్మన్లు ఆయన్ను జైల్లో వేయించి కుడిచెయ్యి నరికించారు. నరికిన చేతికే ఖలం కట్టుకొని రాశాడని చెప్పుకుంటారు. 940లో జైల్లోనే ఇంతకాల్ అయ్యాడు. ఆయన చేతిని తిరిగిచ్చే నది బగ్దాద్‌లో లేకపోయింది.

చేతికీ రాతకీ ఉన్న ఈ రిష్తా మన జుబాన్‌లోనే దాక్కొని ఉంది. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి. దస్తావేజులో ఉన్నది ఆ దస్తే. దస్కతులో ఉన్నదీ ఆ దస్తే. తెలుగు రైతు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి వాడే మాటలు చూడండి. దస్తావేజు, రసీదు, జమీను, ఫైసలా, రాజీ, వకాల్తా, భాగాలు పంచుకుంటే పారికత్తు. నవాబులు పోయారు, ఫార్సీ దర్బార్లు పోయాయి, ఆ మాటలు మాత్రం తెలుగు పొలం గట్ల మీద నిలిచిపోయాయి. మా దాదా బతుకు కూడా ఆ మాటల మీదే గడిచింది. ఆయన దస్తావేజు లేఖరి. వేల తెలుగు దస్తావేజులు రాసిన సాయిబు.

కాళహస్తిలో ఉన్న ఖలం

ఖలం అరబ్బీ మాట. గ్రీకుల కలమోస్ నుంచి వచ్చిందని పండితులంటారు. అసలు అర్థం రెల్లు. రెల్లుగడ్డిని ఏటవాలుగా చెక్కి, మొన మధ్యలో చీల్చి, దవాత్‌లో ముంచి రాసేవాళ్లు. తెలుగువాళ్లు కలం అన్నారు, మేం దక్కనీలో ఖలం అంటాం. మన తెలుగు రాత మాత్రం చాలా కాలం వేరే దారిలో నడిచింది. తాటాకు మీద ఇనుప గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూసేవాళ్లు. గంటానికి సియాహీ అక్కర్లేదు, అది చెక్కుతుంది. ఖలం చెక్కదు, పారిస్తుంది. రెండూ వేర్వేరు హునర్లు.

ఖలం మన దగ్గర ఎక్కడ నిలబడిందో చూడాలంటే లైబ్రరీకి పోనక్కర్లేదు. తిరుపతి దాటి శ్రీకాళహస్తి పోతే చాలు. కలంకారీ. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో ఖలంతోనే గీస్తారు. గుడ్డ మీద గీసేది రామాయణ, భారత కథలు. ఆ పనికున్న పేరు ఫార్సీ. ఇది చూసినప్పుడల్లా నాకు దిల్ ఖుష్ అయిపోతుంది.

ఆ ఖలాన్ని చేతిలోకి తీసుకొని చూడండి. వెదురు పుల్లను మొన తేల్చి, మొనకు కొంచెం పైన ఉన్నిగానీ గుడ్డపేలికగానీ చుట్టి దారంతో కడతారు. రంగులో ముంచితే ఆ చుట్ట తాగి పెట్టుకుంటుంది. గీసేటప్పుడు కారీగర్ వేళ్లతో చుట్టను మెల్లగా నొక్కుతాడు. నొక్కినంత మేరకే రంగు మొనకు దిగుతుంది. సన్న గీతకు సన్నగా, లావు గీతకు లావుగా. సియాహీని పట్టి ఉంచాలి, అడిగినంతే వదలాలి. ఫౌంటెన్ పెన్ను చేసే పని మొత్తం ఇదే. పాళీ కింద నల్లగా, గాట్లతో ఒక ముక్క ఉంటుంది చూడండి. దాని పనీ ఆ ఉన్ని చుట్ట పనీ ఒకటే.

ఇంకా తమాషా సియాహీలో ఉంది. కలంకారీ గుడ్డను ముందుగా పాలల్లో కరక్కాయ కలిపి నానబెట్టి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే నలుపు తయారవుతుంది. ఆ ఇనుప నీళ్లు గుడ్డలో ఉన్న కరక్కాయ వగరుకు తగలగానే చిక్కటి నలుపై దిగిపోతాయి. ఉతికినా పోవు. అటు అరబ్ ముల్కుల్లో, ఐరోపాలో శతాబ్దాలుగా పత్రాలు రాసిన సియాహీ దేంతో చేసేవాళ్లు? మాచికాయ వగరు, అన్నభేది. అన్నభేది అంటే ఇనుము ఉప్పే. కాళహస్తి గుడ్డ మీది నలుపూ, పాత దస్తావేజుల మీది నలుపూ ఒకే రసాయనం.

బంగారు పాళీ ఎందుకొచ్చింది

సియాహీని కడుపులో దాచుకున్న పెన్ను అనగానే అందరూ అమెరికా పేరు చెప్తారు. దానికంటే తొమ్మిది వందల ఏళ్లకు పైగా ముందు ఒక ఖిస్సా ఉంది. ఫాతిమీ ఖలీఫా అల్-ముయిజ్ 953 నుంచి 975 దాకా రాజ్యం చేశాడు. ఆయన దర్బారులో ఉన్న ఖాజీ అల్-నుమాన్ రాసిపెట్టిన సంగతి ఇది. ఖలీఫాకు వేళ్లకూ బట్టలకూ సియాహీ అంటడం నచ్చలేదు. దవాత్ అవసరం లేని ఖలం కావాలన్నాడు. లోపలే సియాహీ ఉండాలి, రాసినప్పుడే దిగాలి, తలకిందులు చేసినా కారకూడదు అన్నాడు. కొన్ని రోజులకు కారీగర్ బంగారంతో అలాంటి ఖలం చేసి తెచ్చాడట. అంటే తవారీఖ్‌లో మనకు వినబడే మొదటి ఫౌంటెన్ పెన్నే ఖరీదైన పెన్ను.

మళ్లీ ఆ కోరిక బజారుకెక్కింది 1884లో, న్యూయార్క్‌లో వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్నాక. లోపలికి గాలి పోయే దారి, బయటికి సియాహీ వచ్చే దారి లెక్కగా కుదిరాయి. బాడీకి వాడింది ఎబొనైట్. రబ్బరుకు గంధకం బాగా పట్టించి కాల్చితే రాయిలా గట్టిపడే పదార్థం. ఆ రోజుల్లో గట్టి సియాహీల్లో తేజాబ్ గుణం ఉండేది, ఉక్కు పాళీని కొన్నాళ్లకే తినేసేది. బంగారాన్ని తినలేదు. అందుకే 14 క్యారెట్ల బంగారు పాళీ. బంగారం మెత్తన, కాగితం మీద అరిగిపోతుంది. అందుకే దాని కొసన ఇరీడియం జాతి గట్టి లోహం బొట్టు అతికించారు. ఈనాడు షోరూముల్లో బంగారు పాళీని నగలా చూపిస్తారు గానీ, అది మొదట షాన్ కోసం రాలేదు. రాసింది పదికాలాలు నిలవాలంటే సియాహీ గట్టిగా ఉండాలి, గట్టి సియాహీకి బంగారమే తట్టుకునేది.

మన వైపు ఈ పెన్నులు మద్రాసు మీదుగా వచ్చాయి. 1911లో చిత్తూరు జిల్లా అయినప్పుడు ఇదంతా మద్రాస్ ప్రెసిడెన్సీ. చిత్తూరు వకీలుకు పని పడితే మద్రాసే. జార్జ్‌టౌన్‌లో జెమ్ అండ్ కంపెనీ లాంటి పెన్నుల దుకాణాలు 1920ల నాటివి. అటు నిజాం రాజ్యంలో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో పేరుపడ్డ దక్కన్ పెన్ స్టోర్స్ 1928లో మొదలైంది. సిద్దీఖీ ఖాందాన్ నడిపిన దుకాణం. పార్కర్లు, షెఫర్లు అమ్మడమే కాదు, మరమ్మతు చేయడం, అడ్వొకేట్ అని సొంత పేరుతో పెన్నులు చేయించడం వాళ్ల పని. ఆ పేరు చూడండి, అడ్వొకేట్. ఆ కాలంలో ఫౌంటెన్ పెన్ను ఎవరి జేబులో ఉండాలని అనుకున్నారో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

రాసే చేతికి తగ్గట్టు పాళీని సానబట్టడం ఆ దుకాణాల హునర్. ఉర్దూ నస్తాలీఖ్‌కు ఏటవాలుగా కోసిన వెడల్పు మొన కావాలి, లేకపోతే లావూ సన్నం రావు. మద్రాస్ ట్రిప్లికేన్ నుంచి 1927లో మొదలైన ముసల్మాన్ పత్రికను కాతిబులు చేత్తోనే రాసేవాళ్లు. ఆ పేజీ అచ్చులో చూస్తే ఖలం ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో కూడా తెలుస్తుంది. తెలుగుకు ఆ వెడల్పు పనికిరాదు, గుండ్రాలు పూడుకుపోతాయి. పగలు తెలుగు, రాత్రి ఉర్దూ రాసిన మా దాదా పెన్ను ఆ రెంటికీ మధ్యలో ఒకలా అరిగింది. వేరే ఎవరు రాసినా గీరుకుంటుంది. అందుకే పాతకాలం వాళ్లు పెన్ను అప్పివ్వరు. అది కంజూసీ కాదు.

రాజమండ్రి నుంచి వార్ధాకు

పెన్ను వకీళ్ల జేబుల్లో విలాయతీ సొమ్ముగా ఉన్న ఆ రోజుల్లోనే గోదావరి ఒడ్డున ఇంకో కథ నడిచింది. రాజమండ్రిలో కె.వి.రత్నం లోహపు పనిలో చెయ్యి తిరిగిన కారీగర్. సామాన్యుడికి పనికొచ్చే వస్తువేదైనా స్వదేశీగా చెయ్యమని గాంధీ చెప్పిన మాట ఆయన్ను పెన్నుల వైపు నడిపించింది. 1932లో రత్నం పెన్నులు మొదలయ్యాయి. ఎబొనైట్ కడ్డీని చేతితో తిప్పే లేతు మీద బిగించి, ఉలితో చెక్కి, మరలు కోసి, రుద్ది నునుపు చేయాలి. లోపల రబ్బరు తిత్తి ఉండదు. మూత విప్పి చుక్కల గొట్టంతో గొట్టం నిండా సియాహీ పోసుకోవడమే.

ఒక పెన్నును గ్రామ పరిశ్రమల సంఘం నడుపుతున్న జె.సి.కుమారప్ప ద్వారా గాంధీకి పంపారు. 1935 జూలైలో వార్ధా నుంచి గాంధీ జవాబు రాశారు. వాడి చూశానని, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది బాగానే ఉన్నట్టుందని ఆ చిట్టి ఖులాసా. ఎంత నాపతూకంగా ఉందో చూడండి. అద్భుతం అనలేదు, ఆహా అనలేదు. వాడి చూశాను, పనికొస్తుంది అన్నారు. చేతిపని చేసేవాడికి అంతకంటే పెద్ద తారీఫ్ ఉండదు.

చేతితో చెక్కిన ఎబొనైట్ పెన్ను తెలుగు ఊళ్లల్లో బడిపంతుళ్ల దాకా, కరణాల దాకా, లేఖరుల దాకా దిగింది. మా దాదా నల్ల పెన్ను కూడా ఆ జాతిదే. మద్రాసు పోయినప్పుడు తన బొటనవేలి లావు చూపించి చేయించుకొచ్చాడట. ఆ పెన్నుతో నలభై ఏళ్లు బ్లూబ్లాక్ సియాహీలో స్టాంపు కాగితాలు రాశాడు.

రెండు కయ్యలు

ఇప్పుడు పార్కర్ సంగతి. ఇది అబ్బా నాకు చెప్పిన ఖిస్సా. దాదా బతికున్నంత కాలం ఆయన నోట రాలేదు.

1969. కాణిపాకం పక్క పల్లెలో ఒక రైతు ఖాందాన్. తండ్రి పోయాడు. ఇద్దరు కొడుకులు, మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఒక కూతురు. జమీన్ తండ్రి స్వార్జితం. 1956 చట్టం ప్రకారం బిడ్డకూ సమాన హక్కుంది. అన్నదమ్ములు ఆమెను వెంటబెట్టుకొని దాదా దగ్గరికొచ్చి హక్కు విడుదల పత్రం రాయమన్నారు. దాదా రాశాడు. రాసిన దస్తావేజును రాయించుకున్న వాళ్లకు మొత్తం చదివి వినిపించాలి, అది లేఖరి ధర్మం. ఆమెకు చదువు రాదు. దాదా హద్దుల దాకా చదివాడు. తూర్పు ఫలానా, పడమర ఫలానా. ఇంతలో పెద్దన్న, "ఆయమ్మికి మేమంతా చెప్పినాం సాయిబూ, ఆఫీసు మూసేస్తారు, కానీ" అన్నాడు. దాదా కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలిముద్ర వేసింది. నా హక్కు యావత్తూ వదులుకున్నాను అన్న వాక్యం హద్దుల కింద ఉంది. అది ఆమె చెవిన పడలేదు. అడుగున, వ్రాసినవారు అన్న చోట దాదా తన దస్కతు పెట్టాడు.

వారం తర్వాత పెద్దన్న ఇంటికొచ్చి ఒక డబ్బా ఇచ్చాడు. పార్కర్ 51. ఆ రోజుల్లో విదేశీ పెన్నుల దిగుమతికి బంధనాలు. బొంబాయి నుంచి చేతులు మారి వచ్చిన సొమ్ము. 1941లో బయటికొచ్చిన ఈ మోడల్‌కు దునియా అంతా దీవానా. 1945 మే 7న రీమ్స్‌లో జర్మనీ లొంగిపోయినప్పుడు ఐసెన్‌హోవర్ చేతిలో ఉన్నవి ఇవే. పాళీ అంతా తొడుగులో దాక్కొని, కొస మాత్రమే బయటికి కనబడుతుంది. రాతగాడికి దానికంటే పెద్ద తోఫా ఏముంటుంది? దాదా తీసుకున్నాడు. కానీ నింపలేదు. రేపు నింపుతా అన్నాడట, జుమ్మా అయ్యాక అన్నాడట, పండగకి అన్నాడట.

రెండేళ్లకు అసలు సంగతి ఆమెకు తెలిసింది. కాణిపాకం గురించి మా వైపు అందరికీ తెలుసు. అక్కడ అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటివాడైనా జంకుతాడు. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడాలి. కోర్టు ఫీజు లేని పేదల కోర్టు అది. ఆమె అన్నల్ని అక్కడికి పిలిచింది. పిలిచే ముందు దాదా దగ్గరికొచ్చింది.

"అన్నా, వేలిముద్ర నేనే వేసినా. కాదనను. నువ్వు మా దేవుని ముందర ప్రమాణం చెయ్యొద్దులే. ఊరికే ఆడికొచ్చి, నాకు చదివి చెప్పినావో లేదో ఆ ఒక్క మాట చెప్పు. చాలు."

దాదా ఆ రాత్రి నిద్రపోలేదు. చదివి వినిపించలేదని నలుగురిలో చెప్పిన లేఖరికి రేపు దస్తావేజు ఎవరిస్తారు? ఇంట్లో ఏడుగురు తినేవాళ్లు. పైగా ఎవరూ ఆయన్ను ప్రమాణం అడగడం లేదు. ఇంట్లో కూర్చుంటే సరిపోయేది. కానీ గవాహీ దాచేవాడి దిల్ గురించి మా దీన్ ఏం చెప్తుందో ఆయనకు తెలుసు. పొద్దున్నే మొదటి బస్సుకు పోయాడు. గుళ్లోకి పోలేదు. బాహుదా ఒడ్డున పెద్దమనుషులు కూర్చున్న చోట నిలబడి, "సగమే చదివినాను. అసలు మాట చదవలేదు. తప్పు నాది" అన్నాడు.

అన్నదమ్ములు కోనేటి మెట్లు దిగలేదు. అక్కడికక్కడే రాజీ కుదిరింది. బావి కింద రెండు కయ్యలు చెల్లెలికి. ఆ పత్రం దాదాయే రాశాడు, ఆ నల్ల పెన్నుతో, ఫీజు లేకుండా. రెండుసార్లు చదివి వినిపించాడు. తర్వాత ఆరు నెలలు మా గడప ఎవరూ తొక్కలేదని అబ్బా చెప్పాడు. జేజి కమ్మలు కుదువకు పోయాయి. ఆ తర్వాత మెల్లగా జనం వచ్చారు. ఎక్కువగా ఆడోళ్లు, చదువు రానివాళ్లు. ఈ సాయిబు మొత్తం చదివి చెప్తాడంట అని.

పార్కర్ తిరిగివ్వబోతే పెద్దన్న తీసుకోలేదు. దాదా దాన్ని అమ్మలేదు, ఇంకొకరికి ఇవ్వలేదు. "అమ్మితే ఆ పైసలు మనమే తినాల. ఇస్తే దాని ఖిస్సా దాచిపెట్టి ఇయ్యాల" అన్నాడట. పెట్టెలో అడుగున పెట్టేశాడు.

పదకొండు లక్షల గాంధీ

2009లో మాంట్‌బ్లాంక్ కంపెనీ మహాత్మా గాంధీ పేరిట ఒక పెన్ను విడుదల చేసింది. తెల్ల బంగారంతో చేసినవి 241, దండి యాత్ర మైళ్లకు గుర్తుగా. ఒక్కోటీ 11 లక్షల రూపాయలకు పైనే. పాళీ మీద కర్ర పట్టుకున్న గాంధీ బొమ్మ, ఒంటి చుట్టూ కదురును తలపించేలా బంగారు దారం. కారీగరీలో వంక పెట్టడానికి లేదు. కానీ గాంధీ పేరును ఇలా సరుకు మీద వాడొచ్చా అని కేరళలో కేసు పడింది. జాతీయ చిహ్నాల, పేర్ల దుర్వినియోగాన్ని ఆపే 1950 నాటి చట్టం ముందుకొచ్చింది. 2010లో కంపెనీ అమ్మకాలు ఆపేసుకుంది.

ఆ వార్త చదివిన రోజు చాలామంది ఖరీదు గురించే మాట్లాడారు. నాకు ఖరీదుతో తకరార్ లేదు. నఫాసత్‌కు ధర ఉంటుంది. బారీకు పని చేసే చేతికి బాగా ఇవ్వాలి కూడా. ఈనాడు మన సరిహద్దు దాటగానే తిరువళ్లూరులో రంగా పెన్నులు చేతితో చెక్కుతున్నారు, దేశదేశాల శౌఖీన్లు కోరిన లావు, కోరిన రంగు చెప్పి చేయించుకుంటున్నారు. రాజమండ్రిలో రత్నం పేరు ఇంకా నడుస్తోంది. బాల్‌పెన్నులు, కంప్యూటర్లు వచ్చాక అంతరించాల్సిన హునర్‌ను బతికించింది ఈ శౌఖీన్లే. వాళ్లకు షుక్రియా చెప్పాలి.

నాకు గుచ్చుకునేది వేరే మాట. 1935లో గాంధీ ఆ రాజమండ్రి పెన్ను గురించి చెప్పినది వాడి చూశానని. 241 పెన్నుల్లో ఎన్నిట్లో సియాహీ పోసి ఉంటారు? మా శౌఖ్‌లో ఒక ఐబ్ ఉంది. వాడని పెన్నును కొత్తపెళ్లికూతురిలా చూస్తాం, రాసి రాసి అరిగిన పెన్నును పనికిరానిదిగా చూస్తాం. నేనూ అదే చేశాను. దాదా రెండు పెన్నుల్లో మొదట మఖ్మల్ ఎక్కినది పార్కరే. నల్లది చాలా ఏళ్లు వంటింటి గూట్లో పాత రసీదుల మధ్య పడి ఉంది. అబ్బా ఈ ఖిస్సా చెప్పాక గానీ దాన్ని వెతికి తెచ్చుకోలేదు.

గోరువెచ్చని నీళ్లల్లో రెండు రోజులు నానబెట్టాను. ఎండిన బ్లూబ్లాక్ పొగలా దిగింది. మరకు కొంచెం గ్రీజు రాసి, గొట్టం నింపి రాశాను. మొదట గీరుకుంది. పెన్నును ఎడమకు కొద్దిగా వంచాక జారింది. దాదా దాన్ని ఎలా పట్టుకునేవాడో ఆ పాళీ నాకు చెప్పింది. ఇప్పుడు మీరు చదువుతున్నది మొదట దానితోనే రాసుకున్నాను.

పార్కర్‌ను నింపు భాయ్, పాపం అలా ఎండిపోతోంది అని ఒక దోస్తు అంటాడు. నింపకు, ధర పడిపోతుంది అని ఇంకో దోస్తు అంటాడు. నేను నింపను. ధర కోసం కాదు. దాదా నింపలేకపోయిన పెన్ను అది. అలాగే ఉండనీ. మొన్న మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు పోతూ డబ్బా తెరిచి, "అబ్బా, ఏ పెన్ను తీసుకుపోను?" అంది. రెండిటి ఖిస్సా చెప్పాను. కాసేపు చూసి, పది రూపాయల బాల్‌పెన్ను జేబులో పెట్టుకొని, దోస్తులతో కలిసి కాణిపాకం బస్సెక్కింది. వాళ్ల అమ్మీ వెనకనుంచి పిలిచి బిస్మిల్లా అని ఊదింది.